మెట్ల దాకనే డప్పు

వెనక్కి నడవడంలో ఏసోబును మించినవాడు ఆత్మకూరు చుట్టుపక్కల ఏడూళ్లలో లేడు. నవ్వకండి, అదేం చిన్న విద్య కాదు. ఊరేగింపు ముందు డప్పు కొడుతూ ఆడేవాడు దేవుడికి గానీ, పెళ్లికొడుక్కి గానీ, పెద్దమనిషికి గానీ వీపు చూపించకూడదు. ముఖం వాళ్ల వైపు పెట్టి, ఎగురుతూ, తిరుగుతూ, దరువు తప్పకుండా, తాను మాత్రం వెనక్కి వెనక్కి పోతూ ఉండాలి. దారిలో రాయి ఉందో, మురికి కాలువ ఉందో, పడుకున్న కుక్క ఉందో మడమలే చూసుకోవాలి.

"మొకం వాళ్ల దిక్కు, ఈపు తొవ్వ దిక్కు." ఏసోబుకు వాళ్ల నాయిన ఇస్రాయేలు నేర్పిన మొదటి పాఠం ఇది. ఇస్రాయేలు ఏడాదిలో సగం రోజులు మేస్త్రీ వెంట ఎక్కడెక్కడి డ్యాముల మీదికో మట్టిపనికి పోయేవాడు. ఊళ్లో ఉన్న సగం రోజులు డప్పు పట్టేవాడు. ఆదివారం ప్రార్థనకు పోయి, మంగళవారం పోచమ్మ ముందు కొట్టేవాడు. ఎవరైనా అడిగితే, "మనం బతకాలన్న సంగతి యేసయ్యకు తెల్వదా?" అనేవాడు. కొడుకును గుడిసె వెనక గులకరాళ్ల మీద వెనక్కి నడిపించేవాడు. వాడు పడ్డప్పుడల్లా, "లెవ్వు. మల్ల," అనేవాడు. అంతకు మించి మాట్లాడేవాడు కాదు.

ఎనభై ఐదులో ఊళ్లో ఒక బడికి కొత్త గదులు కట్టారు. వాటిని తెరవడానికి పట్నం నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. బస్టాండు నుంచి బడి దాకా ఆయన ముందు డప్పు ఆడింది ఏసోబే. అప్పటికి వాడికి పద్దెనిమిదేళ్లు. ఆ రోజు వాడి ఒళ్లు వాడి మాట వినలేదు. వచ్చిన పెద్దమనిషిని వదిలేసి జనమంతా వాడినే చూశారు. బడి ముందు డ్రమ్ముల మీద పలకలు పరిచి స్టేజీ కట్టారు. పెద్దమనిషి మెట్లెక్కాడు. ఆ ఊపులో ఏసోబు కూడా మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

ఏర్పాట్లు చూస్తున్న జానయ్య వచ్చి డప్పు మీద అరచెయ్యి పెట్టాడు. మోత ఆగిపోయింది.

"ఏడికి రా? మెట్ల దాకనే డప్పు. నీ పని అయిపాయె. ఎనకకు పోయి బువ్వ తిను, పో."

జానయ్య కోపంగా అనలేదు. పశువును పక్కకు తోలినట్టు మామూలుగా అన్నాడు. ఏసోబుకు అదే ఎక్కువ కాలింది. వాడు బువ్వ తినలేదు. షామియానా వెనక నిలబడి, స్టేజీ మీద పిల్లలు ఆడుతుంటే చూశాడు. వాళ్లకు దరువు రాదు, చేతులు ఒకవైపు, కాళ్లు ఒకవైపు. అయినా కుర్చీల్లో కూర్చున్నవాళ్లు మెడలు సాచి మరీ చూస్తున్నారు.

ఆ సాయంత్రం తల్లి సాలమ్మతో, "అవ్వా, ఒక్కసారన్న నేను మీద నిలవడాలె. వాళ్లు కూసోని సూడాలె," అన్నాడు.

"ఎవలెక్కనిస్తరు బిడ్డా మనల్ని?" అంది సాలమ్మ.

"ఎక్కనిచ్చే కాడికి పోత."

అన్నమాట నిలబెట్టుకోవడానికి ఆరేళ్లు పట్టింది. ఈలోగా ఇస్రాయేలు డ్యాము పనిలోనే జ్వరం తగిలి పోయాడు. ఏసోబు బొంబాయిలో మట్టి మోశాడు, పుణెలో రాళ్లు మోశాడు. తొంభై ఒకటిలో ఆజాద్ వీసా మీద దుబాయి చేరాడు. ఆజాద్ అన్నారు కదా అని మురిసిపోకండి. నీకు పని ఇచ్చేవాడెవడూ లేడు, నువ్వే వెతుక్కో అని దాని అర్థం. బయలుదేరేటప్పుడు సాలమ్మ డప్పును పాత గొంగట్లో చుట్టి సంచిలో అడుగున పెట్టింది. "అన్నం పెట్టకున్నా మంచిదే, తోడుంటది," అంది.

దుబాయిలో పొద్దున్నే కూలీలందరూ ఒక చౌరస్తాలో నిలబడేవాళ్లు. వ్యాను వచ్చేది. అందులోంచి ఒక వేలు బయటికొచ్చి, "నువ్వు, నువ్వు, నువ్వు," అనేది. ఆ వేలు తనవైపు చూపితే ఆ రోజు పని ఉన్నట్టు. ఒకరోజు ఉల్లిగడ్డ బస్తాలు, ఒకరోజు కార్లు కడగడం, ఒకరోజు హోటల్లో ఫ్రిజ్ డబ్బాలు మెట్ల మీదుగా పైకి మోయడం. వేలు చూపని రోజున జాఫర్ మామ రొట్టే దిక్కు.

జాఫర్‌ది కూడా ఆత్మకూరే. పదేళ్ల కిందట వచ్చి, ఒక పఠాను రొట్టెల దుకాణంలో తందూరు పొయ్యి దగ్గర కుదురుకున్నాడు. నోరు మిరపకాయ, మనసు వెన్న. ఊళ్లో ఉన్నప్పుడు ఇద్దరికీ పెద్దగా పరిచయం లేదు గానీ, ఇక్కడ మామా అల్లుళ్లయ్యారు. ఏసోబుకు ఆ పొయ్యితో ఇంకో అవసరం కూడా ఉంది. డప్పుకు మంట చూపించాలి. సెగ తగిలితే తోలు బిగుసుకుని గణగణమంటుంది, లేకపోతే మూగబోతుంది. దుబాయి సముద్రపు గాలికి అది మెత్తబడ్డ అప్పడంలా తయారయ్యేది. ఏసోబు రోజూ దాన్ని తందూరు మూతి దగ్గర పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి కాచుకుని, రెండు దెబ్బలు వేసి, మళ్లీ గొంగట్లో చుట్టేవాడు.

"ఎందుకురా గీ తిప్పలు? ఎవడన్న రమ్మన్నడా నిన్ను?" అనేవాడు జాఫర్.

"రమ్మన్ననాడు మెత్తగుంటే ఎట్ల మామా?"

తొంభై రెండు ఎండాకాలంలో రమ్మన్నారు. డబ్బాలు మోసే హోటల్లో, పనివాళ్లు వచ్చిపోయే తలుపు పక్కన ఒక కాగితం అంటించి ఉంది. వంటాయన చదివి చెప్పాడు. రోజూ సాయంత్రం ఆ హోటల్లో ఆటపాటలు పెట్టే కంపెనీ ఒకటి ఉందట. దానికి అన్ని దేశాల నాట్యగాళ్లూ కావాలట. ఎవరైనా వచ్చి ఆడి చూపించవచ్చట.

ఏసోబు ఆ రోజు చౌరస్తాకు పోలేదు. తెల్లటి ధోవతి కట్టి, నడుముకు ఎర్రగుడ్డ చుట్టి, గజ్జెలు కట్టుకుని వెళ్లాడు. హాల్లో స్టేజీ, వెనక నల్లటి తెర, ఎదురుగా మూడు కుర్చీలు. మధ్య కుర్చీలో లెబనాన్ దేశపు మేడమ్. పక్కన మలయాళీ మేనేజరు, అతనికి హిందీ వచ్చు. మూడో కుర్చీలో ఎవరో రాసుకునే మనిషి. ఏసోబు మెట్లెక్కాడు, ఐదు మెట్లు. ఎవరూ డప్పు మీద చెయ్యి పెట్టలేదు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మొదలుపెట్టు," అన్నాడు మేనేజరు.

మొదటి దెబ్బ పిడుగులా పడింది. మేడమ్ కలం కింద పెట్టింది. ఏసోబు ముఖం వాళ్ల వైపు పెట్టి, నవ్వుతూ, తిరుగుతూ, ఎగురుతూ ఆడాడు. పాపం, కాళ్లు తమకు తెలిసిన పని తాము చేసుకుపోయాయి. వెనక్కి, ఇంకొంచెం వెనక్కి, నల్ల తెర వీపుకు తగిలింది. ఊళ్లో చెట్ల కొమ్మలు ఎన్ని తగల్లేదు! దాన్ని తోసుకుని వెళ్లిపోయాడు. ఇంకేముంది, స్టేజీ మీద మనిషి లేడు. తెర వెనక నుంచి డప్పు మాత్రం బ్రహ్మాండంగా మోగుతోంది.

తమ వంతు కోసం కూర్చున్న వాళ్లంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. ఏసోబు తెర పైకెత్తి బయటికి వచ్చేసరికి మేనేజరు కళ్లు తుడుచుకుంటున్నాడు. మేడమ్ ఒక్కతే నవ్వలేదు. మేనేజరు చెవిలో ఏదో చెప్పింది.

"నీకు పని ఉంది," అన్నాడు మేనేజరు. "గేటు దగ్గర. అతిథులు కారు దిగగానే వాళ్ల ముందు ఇలాగే వెనక్కి ఆడుకుంటూ తీసుకురావాలి. నెల జీతం, గది, తిండి."

"తీసుకొచ్చినంక స్టేజీ మీద ఆడాల్నా సాబ్?"

"స్టేజీ ఎందుకు? మెట్ల దాకా చాలు."

ఏడేళ్ల కిందటి అరచెయ్యి మళ్లీ డప్పు మీద పడ్డట్టయింది ఏసోబుకు. ఎదుటివాడు మంచివాడే, మాటలో తప్పేమీ లేదు. జానయ్య మాటలోనూ కోపం లేదు కదా.

"నక్కో సాబ్. గేటు కాడ చెయ్య. మీదనే ఆడత."

మేనేజరు విడ్డూరంగా చూశాడు. "స్టేజీ మీద ఉండడమే నీకు రాదు కదయ్యా! నెల తర్వాత మళ్లీ చూస్తారు. నేర్చుకోగలిగితే రా."

ఈ సంగతి విన్న జాఫర్ రొట్టెలు తీసే ఇనుప చువ్వతో నేలను కొట్టాడు. "నోటికాడి బుక్క కింద పారేసినవ్ గదరా! గది ఇస్తరంట, బువ్వ పెడతరంట, నీకేం మాయరోగం? ఎనకకు నడుసుడు నీకు కొత్తనా? నీ అయ్య నడువలేదా?"

"నడిసిండు. గందుకే నేను నడువ."

జాఫర్ పొయ్యి వైపు తిరిగాడు. చాలాసేపు రొట్టెలు అంటించాడు, తీశాడు. చివరికి, "రేపు తెల్లారంగ, ఫజర్ నమాజ్ అయినంక, దుకాణం మిద్దె మీదికి రా. సూద్దాం నీ బడాయి," అన్నాడు.

ముందుకు నడవడం ఎవరికి రాదు అనుకుంటాం. ఏసోబుకు రాలేదు. చేతిలో దరువూ కాళ్లలో అడుగూ చిన్నప్పటి నుంచి కలిసి పెరిగాయి. ముందుకు అడుగు వేస్తే దరువు పోయేది, దరువు పట్టుకుంటే కాలు వెనక్కి జారేది. వెనక్కి పోయేటప్పుడు బరువు మడమల మీద ఉంటుంది, ముందుకు రావాలంటే వేళ్ల మీదికి తేవాలి. మొదటి వారం మోకాలు డప్పు అంచుకు కొట్టుకుని వాచిపోయింది. బస్తాలు మోయడానికి కుంటుతూ పోతే వేలు వాడివైపు తిరగలేదు. రెండు రోజులు పస్తులు తప్పాయంటే ఆ పుణ్యం జాఫర్‌దే. పడ్డప్పుడల్లా ఏసోబు తనకు తానే, "లెవ్వు. మల్ల," అనుకునేవాడు.

జాఫర్ మిద్దె చివర పిండి బస్తా వేసుకుని దొరలా కూర్చునేవాడు. ఏసోబు అటు చివర నుంచి ఆడుతూ రావాలి. జాఫర్ కాళ్లు చాపి, పళ్లు తోముకుంటూ చూసేవాడు.

"ఎట్లుంది మామా?"

"నేను కాళ్లు ముడుసుకున్ననా? లే. నువ్వు వస్తాంటే కూసున్నోడు ఉలికిపడి ఎనకకు జరగాలె. గప్పుడు నువ్వు వచ్చినట్టు. గిప్పుడేమో కూలి అడిగేటందుకు వస్తున్నట్టున్నవ్."

ఆ మాట సరిగ్గా తగిలింది. ఏసోబు ఎంత ముందుకు వచ్చినా భుజాలు వంగే ఉన్నాయి, ముఖం మీద పాత నవ్వు ఉండనే ఉంది. పెద్దవాళ్ల ముందు నవ్వే నవ్వు అది. వాడు ముందు ఆ నవ్వు మానేశాడు. తర్వాత భుజాలు ఎత్తాడు. నెల నిండే నాటికి దరువూ అడుగూ కలిశాయి. జాఫర్ మాత్రం బస్తా మీద నుంచి కదల్లేదు.

మళ్లీ ఆడి చూపించే రోజున జాఫర్ సెలవు పెట్టి తోడు వచ్చాడు. తందూరు దగ్గర కాచి తెచ్చిన డప్పు పొద్దున గణగణలాడింది. కానీ హాల్లో ఏసీ. రెండు గంటలు ఆ చలిలో కూర్చున్నాక ఏసోబు వేలితో తట్టి చూస్తే మోత లేదు. తోలు చచ్చిపోయింది. ఆ హోటల్లో అగ్గిపుల్ల గీయనివ్వరు, మంట ఎక్కడ?

ఏసోబు బయటికి పరుగెత్తాడు. హోటల్ ముందు నల్లటి కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఎన్నిసార్లు కడిగాడో వాటిని! నడిఎండకు ఆ ముందు రేకు మీద చెయ్యి పెడితే బొబ్బ లేస్తుందని వాడికి తెలుసు. కారు మీద గీత పడకుండా డప్పు అంచుకు గొంగడి చుట్టి, తోలుకు రేకు సెగ తగిలేలా బోర్లించాడు. ఒక్కో నిమిషం ఒక్కో పక్కకు తిప్పాడు. జాఫర్ తలుపు దగ్గర నిలబడి లోపలికి చూస్తున్నాడు.

"పిలుస్తున్నరు రా!"

"ఇంకొక్క దిక్కు మామా!"

"వచ్చిన మోక పోతది రా!"

"మెత్తటి డప్పుతోని పోను!"

మూడోసారి పేరు పిలిచేసరికి ఏసోబు ఒగరుస్తూ స్టేజీ ఎక్కాడు. డప్పు సెగకు చేతులు కాలుతున్నాయి. ఈసారి స్టేజీ ముందు నిలబడలేదు. వెనక్కి పోయి నల్ల తెరకు వీపు ఆనించి నిలబడ్డాడు. నవ్వలేదు. మొదటి దెబ్బ వేశాడు, ఒక అడుగు ముందుకు వేశాడు.

దరువు తప్పలేదు. తిరుగుతూ వచ్చాడు, మోకాళ్ల మీద కూలబడి లేస్తూ వచ్చాడు, గజ్జెలు ఒక్కటై మోగుతుండగా వచ్చాడు. తండ్రి వెనక్కి నడిచిన దూరమంతా ముందుకు వస్తున్నట్టు వచ్చాడు. స్టేజీ అంచు వచ్చింది. అక్కడ ఆగాలి. ఏసోబు ఆగలేదు. అదే దరువుతో ఐదు మెట్లూ దిగి, కళ్లు మేడమ్ కళ్ల మీద నుంచి తిప్పకుండా, సూటిగా ఆ మూడు కుర్చీల మీదికి వచ్చాడు. మేనేజరు ఫైలు గుండెకు అదుముకుని లేచి వెనక్కి తగ్గాడు. రాసుకునే మనిషి కాళ్లు పైకి ముడుచుకున్నాడు. మేడమ్ కుర్చీ గచ్చు మీద కీచుమంటూ వెనక్కి జరిగింది. అప్పుడు ఏసోబు చివరి దెబ్బ వేసి నిలబడ్డాడు.

బయట ఎండలో జాఫర్ కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఏసోబు చేతిలో సంతకాల కాగితం ఉంది. ఆరు నెలలు, రోజూ సాయంత్రం, స్టేజీ మీద. జాఫర్ ఆ కాగితం వైపు చూడనైనా చూడలేదు.

"జరిగిన్రా?" అని అడిగాడు.

ఏసోబు డప్పును గొంగట్లో చుట్టసాగాడు.

"జరిగిన్రు మామా. కుర్చీలతోని జరిగిన్రు."