ఢిల్లీ పెదనాయన ప్రచార ఆటో

ఆ రోజుల్లో ఎంపీ ఎన్నికలొస్తున్నాయని మాకు పేపర్లు చెప్పనక్కర్లేదు. పెదనాయన పంచెలు గంజికి వెళ్తే చాలు, తెలిసిపోయేది. మిర్యాలగూడలో రైస్‌మిల్లు నడిపే మా నాన్నకు ఆయన అన్న. వార్డు మెంబరుగా నిలబడితే గెలిచేవాడేమో గానీ, దేశం చెడిపోతున్నది ఢిల్లీ నుంచే కాబట్టి అక్కడికే పోవాలని ఆయన పట్టు. ప్రతిసారీ ఇండిపెండెంటుగా నిలబడేవాడు, ప్రతిసారీ ఓడేవాడు. ఊరంతా ఆయన్ని ఢిల్లీ పెదనాయన అనేది (ఎదురుగా కాదు). ఆయన మాటలు మాత్రం ఎప్పుడూ మారలేదు. పెద్దల మాట దాటొద్దు, ప్రేమ పెళ్లిళ్లొద్దు, ఆడపిల్లలు ఉద్యోగాలంటూ ఊళ్లు తిరగొద్దు.

ఆ చివరి మాట వచ్చి నా మీదే పడింది. నాకు పీజీ అయిపోయి, సూర్యాపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది. నాన్నకు ఇష్టమే, కానీ అన్న మాట దాటడు. "మనింటి ఆడపిల్ల బస్సులెక్కి కొలువుకు పోవుడేంది?" అని పెదనాయన ఒక్క మాటతో తేల్చేశాడు. నేను అలిగి అన్నం మానేశాను (మధ్యాహ్నం పూట మాత్రమే, రాత్రి అమ్మ పప్పుచారు చేసేది).

అంతలో ఎన్నికలొచ్చాయి. పెదనాయన ఆటోలో మైకు పట్టే మనిషి ఒక పార్టీ బండెక్కేశాడు. పెదనాయనే మైకు పడదామంటే ఆయనకు దగ్గొస్తుంది. ఇంట్లో పెద్ద గొంతు నాదొక్కదే (అప్పటిదాకా దానికి తిట్లే తిన్నాను). అలా డ్రైవరు పక్కన పెదనాయన, వెనక కాపలాకు పెద్దమ్మ, ఆమె పక్కన మైకుతో నేను. వేములపల్లి, నేరేడుచర్ల, కోదాడ, ఊరూరా తిరుగుతూ ఆడపిల్లల్ని ఊళ్లు తిరగనివ్వొద్దని చెప్పాను. వినేవాళ్లకు నవ్వొచ్చిందేమో, నాకైతే ఏడుపొచ్చింది. నా ఉద్యోగాన్ని నా గొంతుతోనే వద్దంటున్నాను.

కోదాడలో టిఫిన్ బండి ముసలమ్మ ఒకామె ఆటోకు అడ్డంగా నిలబడింది. "మరి నువ్వెందుకు తిరుగుతున్నావమ్మా?" అని అడిగింది. మైకు ఆన్‌లోనే ఉంది, ప్రశ్న బజారంతా వినబడింది. పెదనాయన అబద్ధమాడడు (ఓడిపోవడానికి అదీ ఒక కారణం). కండువా సర్దుకుని, నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"మా బిడ్డనే. ఇంటి పని మీద వచ్చింది. నేనే తోల్కొచ్చిన."

తిరుగు దారి పట్టాం. మిర్యాలగూడ దగ్గరపడ్డాక ఉండబట్టలేక నేనే అడిగాను. "పెదనాయనా, నీ పనికి ఊళ్లు తిరిగితే ఇంటి పని అయితది. మరి నా పనికి సూర్యాపేట పోతే ఏమైతది?" పెద్దమ్మ నా చెయ్యి గిల్లింది. ఆయన డ్రైవరును తొందరగా పోనిమ్మన్నాడు.

ఎప్పటిలాగే ఓడాడు. కానీ కాలేజీ తెరిచిన రోజు పొద్దున్నే గంజి పంచె కట్టుకుని నా వెంట బస్టాండుకు వచ్చాడు. దారిలో ఒక మిల్లు షావుకారు ఎక్కడికని అడిగితే, నా వైపు చూడకుండానే, "ఇంటి పని మీద సూర్యాపేట పోతది" అన్నాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మొన్నటి ఎన్నికల్లోనూ నిలబడ్డాడు. చూపు తగ్గింది, మాటలు మారలేదు. మైకు ఇప్పటికీ నాదే. ఆడపిల్లల సంగతి వచ్చే చోట నాకు దగ్గొస్తుంది, ఆ కాసేపే ఆయనకు చెవులు వినబడవు. సెలవెందుకని ప్రిన్సిపాల్ అడిగితే ఇంటి పని అన్నాను. మధ్యాహ్నాలు పస్తులుండి అలిగిన ఆ పిల్ల ఈ మాట వింటే ఏమనుకునేదో గానీ, నేను మాత్రం పెదనాయన పంచెలు గంజికి వేసి వచ్చాను.