ఆగస్టులో బోర్లించిన బూట్లు

ఇటలీవాళ్ల మీద నాకు ఒకటే ఫిర్యాదు. ఆగస్టులో ఉల్లిగడ్డ అమ్మరు. ఊళ్లో ఉన్న ఒక్క కొట్టుకూ తాళం, తలుపు మీద సెలవులని చీటీ. దేశమంతా సముద్రానికి పోతుంది. మా చంద్రపూర్‌లో మే నెల ఎండకు మనిషి ఉడికిపోతాడు గానీ దుకాణం మాత్రం మూయడు.

దయ్యాల విషయానికొస్తే, నేను చదివింది మట్టి శాస్త్రం. మట్టిలో కలిసినవాళ్లు ఏమవుతారో నాకు సిలబస్‌లోనే చెప్పారు. అంతకుమించి నమ్మే అవసరం ఎప్పుడూ రాలేదు.

ఆ వేసవిలో, ఇటలీలో నా పీహెచ్‌డీ చూస్తున్న ప్రొఫెసర్ కుటుంబంతో బీచికి వెళ్తూ, పల్లెలోని తన ఇల్లు మూడు వారాలు చూసుకోమన్నాడు. టమాటలకు నీళ్లు, ఆరు కోళ్లకు గింజలు, అంతే పని. చుట్టుపక్కల ఇళ్ల కిటికీలన్నీ మూసే ఉన్నాయి. మొదటి వారం నేను మాట్లాడింది కోళ్లతోనే. మర్యాదగానే విన్నాయి.

నాకు వేరే పోయే చోటు కూడా లేదు. ఆ మార్చిలోనే మా బాపు చనిపోయాడు. అప్పటికి నా నివాస అనుమతి కాగితాలు రెన్యువల్‌లో ఉన్నాయి. వెళ్లొచ్చు, తిరిగి రానిస్తారన్న హామీ మాత్రం లేదన్నారు. నేను హామీ వైపు నిలబడ్డాను, వెళ్లలేదు. సమాధి చేయడం ఫోన్‌లో చూశాను. సిగ్నల్ బాగానే ఉంది.

అప్పటినుంచి అమ్మ నాతో మాట్లాడలేదు. ఎప్పుడు చేసినా చెల్లె ఎత్తి "అమ్మ ప్రార్థనల ఉందన్నా" అనేది. ఆ ఐదు నెలల్లో మా అమ్మ చేసినంత ప్రార్థన మా పాస్టరు కూడా చేసి ఉండడు.

బాపు బొగ్గుగనిలో పనిచేశాడు. షిఫ్టు దిగి రాగానే గంబూట్లు గుమ్మం పక్కన బోర్లించేవాడు, లోపలికి తేలు దూరకుండా. కాలనీలో అందరూ చేసేదే. కానీ గాలికి పడిపోకుండా ఒక్కో బూటు మీద ఒక్కో రాయి పెట్టేది ఆయనొక్కడే. "బూట్లకు గోరీలు కట్టిండు" అని పక్కింటివాళ్లు నవ్వేవాళ్లు.

తోటపనికి ప్రొఫెసర్ నాకు తన రబ్బరు బూట్లు ఇచ్చాడు. రెండో వారం ఒక మధ్యాహ్నం వాటిని వాకిట్లో విడిచి, తిని పడుకున్నాను. లేచేసరికి బోర్లించి ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో రాయి.

నేనే పెట్టి మరిచిపోయాననుకున్నాను. మర్నాడు గేటుకు తాళం వేసి, గుమ్మం ముందు గోధుమపిండి చల్లి పడుకున్నాను. మళ్లీ అదే. పిండిలో కోళ్ల అడుగులే తప్ప ఇంకేమీ లేవు. ప్రొఫెసర్‌కు ఫోన్ చేసి, మీ కోళ్లు బూట్ల జోలికి వస్తాయా అని అడిగాను. ఎండలో టోపీ పెట్టుకోమన్నాడు.

మూడో రోజూ అలాగే జరిగింది. ఫొటో తీసుకున్నాను.

నాలుగో రోజు నిద్రపోకుండా కిటికీ దగ్గర కూర్చున్నాను. పొద్దుగూకేదాకా బూట్లు నేను విడిచినట్టే ఉన్నాయి. మూడు వారాల్లో నాకు నిజంగా ఒంటరిగా అనిపించింది ఆ పూటే. తర్వాత పడుకుని చూసినా మళ్లీ జరగలేదు.

ఎవరో ఆటపట్టించారనుకుందామంటే, ఆ రాళ్ల సంగతి తెలిసినవాళ్లు ఆ దేశంలోనే లేరు. నిద్రలో నేనే చేశాననుకుందామంటే, పిండిలో నా అడుగులుండాలి.

ఆ ఫొటో చెల్లెకు పంపాను. ఏమీ రాయలేదు, ఉత్త ఫొటో. ఐదు నిమిషాలకు ఫోన్ మోగింది. అమ్మ.

"గీ రాళ్లు నువ్వు పెట్టినవా?"

"లేదమ్మా. నిజంగ నేను గాదు."

అమ్మ లేచి కూలర్ ఆపేసిన చప్పుడు వినిపించింది.

"కాగితాలు లేవని నువ్వు రాకపోతివి," అంది. "మరి మీ బాపును ఎవ్వలు అడగలేదారా, కాగితాలు?"