స్టేషను వరండాలో తుపాకుల తిరునాళ్ళ

ఎన్నికల తేదీ వచ్చిందంటే ఇప్పుడు జనం ఫోన్లలో తల దూరుస్తున్నారు గానీ, నా కుర్రతనంలో మా పల్నాడులో సగం మంది పోలీస్ స్టేషను వరండాకి పరిగెత్తేవాళ్ళు. నేరాలు చేసి కాదు (చేసినవాళ్ళు ఆ వీధి వంకే వచ్చేవాళ్ళు కాదు), తుపాకులు చూడ్డానికి. ఓట్లు లెక్కపెట్టేదాకా లైసెన్సు తుపాకులన్నీ స్టేషనులో అప్పగించాలన్నది రూలు. వేరే జిల్లాల్లో అది రూలే. మా దగ్గర మాత్రం అది తిరునాళ్ళ. ఖద్దరు చొక్కాలు గంజి పెట్టి ఇస్త్రీ చేయించుకుని, తుపాకిని ఇంటావిడ పెళ్ళినాటి పట్టుచీరలో చుట్టి, ఒళ్ళో పసిబిడ్డను పెట్టుకున్నట్టు పెట్టుకుని వచ్చేవాళ్ళు పెద్దమనుషులు. ఒకాయన తుపాకి గొట్టం ఎంత పొడుగంటే, పిడి స్టేషను మెట్లెక్కేసరికి మూతి ఇంకా ఈపూరు పొలిమేర దాటేది కాదు. ఇంకొకాయన దాని గొట్టం మీద వెండి తీగతో లతలు, నెమళ్ళు, ఒక మూల చిన్న దొరసాని బొమ్మ కూడా ఉండేది. ఆ దొరసానిని చూడ్డానికే మాచర్ల నుంచి బస్సెక్కి వచ్చినవాళ్ళున్నారు. రైటరు రసీదులు రాసేలోపు వరండా గోడకి తుపాకులన్నీ వరసగా ఆనించి పెడితే, జనం చేతులు వెనక్కి కట్టుకుని, సంబంధం చూడ్డానికి వచ్చిన మగపెళ్ళివారిలా ఒక్కోదాని ముందూ ఆగి, "పిడి చానా బాగుందబ్బాయ్, గొట్టమే కాస్త నలుపు" అని పెదవి విరిచేవాళ్ళు.

ఆ వరసలో మా మేనమామ తుపాకి కూడా ఉండేది. (ఆయన కూతుర్నే తర్వాత చేసుకున్నాను కాబట్టి ఇందులో ఆయన్ని గురించి చెడ్డగా ఒక్క మాటా దొరకదు. మా ఇంట్లో ప్రూఫులు దిద్దేది ఆవిడే.) గొట్టంలో మందు కూరి కాల్చే ఒంటి గొట్టం తుపాకి అది. మామ తాతగారు దానితో చిరుతపులిని కాల్చారట, కాల్చాక ఆ చిరుత కోపమొచ్చి వెనక్కి తిరిగి పిడి కొరికి మరీ పోయిందట. పిడి మీద గాట్లున్న మాట నిజం. కాల్చాక కొరకడమేమిటని అడిగినవాడెవడికీ మామ ఇంట్లో రెండోసారి అన్నం పెట్టలేదు. అత్త మాత్రం వంటింట్లోంచి, "చిరుతా లేదు, పిల్లీ లేదు, పసుపుకొమ్ములు నలగ్గొట్టినప్పుడు పడ్డ గాట్లయ్యి" అనేది. ఆవిడ ఆ తుపాకిని పేరు పెట్టి పిలిచేది కాదు, "నా సవతి" అనేది. సవతికి నెలకోసారి కొబ్బరినూనె తలంటు, దసరాకి కుంకుమబొట్టు, ఎన్నికలొస్తే పట్టుచీర. తనకి మాత్రం పండక్కి నేతచీర. ఆవిడ బాధలో న్యాయముంది.

ఇక్కడ జంటగొట్టాల పెదనాన్న గురించి చెప్పాలి. మాకు దూరపు వరసలో పెదనాన్న, మామకి బావ. రెండు గొట్టాల తుపాకి ఉండబట్టి ఊరంతా ఆయన్ని అలాగే అనేది. ఆయనా మామా ఒకే పలక మీద అక్షరాలు దిద్ది, ఒకే ఈతచెట్టు మీంచి ఒకేసారి పడ్డవాళ్ళు. తర్వాత ఒకాయన ఒక పార్టీలోకీ, ఇంకొకాయన ఇంకో పార్టీలోకీ పోయారు. అంతే, మాటలు బందు. మా ఊళ్ళో పార్టీ మారితే బంధుత్వం పోదు గానీ, పలకరింపు పోతుంది. వీధిలో ఎదురైతే ఇద్దరూ చెరో గోడ వైపు తిరిగేవాళ్ళు. గోడ లేని చోట ఎదురైతే గోడ కట్టేదాకా ఆగేవాళ్ళేమో! కానీ స్టేషను వరండాలో మాత్రం ఆ కట్టు లేదు. తుపాకులు పక్కపక్కన పెట్టాక, వాటి గురించి మాట్లాడుకోవడం పార్టీ మారడం కిందికి రాదని రెండు పార్టీలూ ఎప్పుడో ఒప్పుకున్నాయి. పెదనాన్న మెట్లెక్కుతూనే, "ఏం బావా, దీన్నింకా పాతినప సామానోడికి వెయ్యలా?" అనేవాడు. మామ మీసం తుడుచుకుని, "నీది ముందు వేస్తావని ఆగినా బావా" అనేవాడు. ఏటా అదే ప్రశ్న, అదే జవాబు. ఇక సాయంత్రందాకా ఒకే బెంచీ మీద కూర్చుని, గొట్టాల పేరు చెప్పి మిర్చి ధర, మోకాళ్ళ నొప్పులు, బిడ్డల పెళ్ళిళ్ళు అన్నీ మాట్లాడుకునేవాళ్ళు. మధ్యలో ఎవడైనా దగ్గరికొస్తే చటుక్కున, "అవును బావా, నీ గుర్రం బిగుసుకుందా?" అని తుపాకి మీదికి తిప్పేవాళ్ళు (గుర్రమంటే, నొక్కగానే పడి మందు పేల్చే సుత్తి).

నేను డిగ్రీ తప్పి, ఇంట్లో అందరూ నన్ను చూసి నిట్టూర్చే రోజుల్లో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు. చొక్కా ఇస్త్రీ మడత మీద ఈగ వాలితే రెండు ముక్కలయ్యేంత పదును. ఆయన ఊరూరా చెప్పించాడు: అప్పగించే రోజున స్టేషను వెనక బయల్లో గుండు లేకుండా ఉత్త మందుతో కాల్చి చూపించాలి, పేలని తుపాకికి లైసెన్సు రద్దు చేయిస్తాను అని. మామ ఆ పూట అన్నం మధ్యలో లేచాడు.

"పోతే పోయింది మామా, ఎప్పుడన్నా కాల్చినామా ఏంది దాన్ని?" అన్నాను.

"తుపాకి పోతే పోయిందిరా. నేనింక స్టేషనుకి ఏం పేరు చెప్పుకుని బోవాల?" అన్నాడు.

స్టేషనుకి పోకుండా ఉండడానికి మొక్కులు మొక్కుకునే దేశంలో ఈయనకిదేం బాధరా అనుకున్నాను. డిగ్రీ ఊరికే తప్పలేదు నేను.

తుపాకి దించి చూస్తే గొట్టం నిండా కుమ్మరి పురుగులు మట్టిగూళ్ళు కట్టేశాయి. ఒకటీ రెండూ కాదు, దాదాపు ఒక కాలనీ. మందు కూరే కడ్డీ కనపడలేదు. ఇల్లంతా వెతికితే అత్త పొయ్యిలో కట్టెలు ఎగదోస్తూ దొరికింది, కడ్డీతో. "ఏమే, ఎన్నాళ్ళ నుంచి?" అని మామ అరిస్తే, "మీరు దీన్ని అడిగింది ఇయ్యాలే గదా, వెనక్కి లెక్కేసుకోండి. మన పెళ్ళి దాకా పోయిద్ది" అంది.

నరసరావుపేటలో తుపాకులు బాగుచేసే లైసెన్సున్న సాయిబు ఒకాయన ఉండేవాడు. మామ, పన్ను పీకించుకోవడానికి పోతున్నానని ఊళ్ళో చెప్పి (నమ్మకం కుదరాలని బుగ్గకి తువ్వాలు కట్టుకుని), కాగితాలు జేబులో పెట్టుకుని, నన్ను మోపెడ్ తోలమన్నాడు. వెనక మామ, మామ ఒళ్ళో పట్టుచీర. సాయిబు కొట్లో అడుగుపెడితే, అక్కడున్న ఒకే ఒక్క బెంచీ మీద ఎవరు? జంటగొట్టాల పెదనాన్న! ఆయన కంటికి ఆకుపచ్చ గుడ్డ. (ఊళ్ళో కంటి డాక్టరు దగ్గరికని చెప్పి వచ్చాడట.) ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, పన్ను నొప్పీ కన్ను నొప్పీ ఒకేసారి మరిచిపోయి, వెంటనే చెరో వైపు తిరిగి, ఒకే బెంచీ మీద వీపులానించుకుని కూర్చున్నారు.

సాయిబు విస్తుపోయాడు. "ఒకే ఊరోళ్ళు గదన్నా, మాట్లాడుకోరేంది?"

"ఇది స్టేషను కాదు గదా!" అన్నారిద్దరూ ఒకే గొంతుతో.

నన్ను మధ్యలో నిలబెట్టారు. "ఒరేయ్, నీ పెదనాన్న గుర్రం పడతందేమో అడుగు" అంటాడు మామ. మూరెడు దూరంలో ఉన్న పెదనాన్న అది వినిపించనట్టు ఆగి, నేను మళ్ళీ మొత్తం చెప్పాక, "పడతంది గానీ దెబ్బ తగలట్లా అని చెప్పు మీ మామకి" అంటాడు. ఇలా నేను ఆ పూట మోసిన మాటలు పోస్టాఫీసువాళ్ళు ఏడాదంతా మోసుండరు. సాయిబు రెండూ విప్పి, తుడిచి, కుమ్మరి పురుగుల్ని చేతనైనంతవరకు ఖాళీ చేయించి, "నా పని నేను చేసినా. పేలుద్దో లేదో మాత్రం అల్లాకే ఎరుక" అని చేతులు దులిపాడు.

ఆ రోజు రానే వచ్చింది. స్టేషను వెనక బయల్లో జనం. తిరునాళ్ళ అంటే అలంకారానికి అనుకున్నారేమో, మరమరాల బండి కూడా వచ్చింది. ముందు పెదనాన్న వంతు. గుండ్లు తీసేసిన ఆ తోటాలు ఆయన తండ్రి కొన్నవి, చెమ్మకి ఉబ్బి గుత్తివంకాయల్లా ఉన్నాయి. భుజానికి ఆనించి, కళ్ళు మూసుకుని నొక్కాడు. టిక్. రెండో గొట్టం. టిక్. ఇంకో రెండు తోటాలు. టిక్, టిక్. గడియారం కూడా అంత నమ్మకంగా కొట్టుకోదు. ఇన్‌స్పెక్టరు రైటరు వైపు చూసి, "ఇది ఉంచెయ్, లైసెన్సు రద్దుకి రాయి" అన్నాడు. పెదనాన్న తుపాకిని చుట్టి తెచ్చిన చీరని నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకున్నాడు. ఆ మడతలు పెట్టే తీరు చూశాక మామ మొహంలో నవ్వు మాయమైంది.

తర్వాత మామ. కాళ్ళు ఎడంగా పెట్టి, కులదైవాన్ని తలుచుకుని నొక్కాడు.

ఆ చప్పుడు గురించి నేను తగ్గించే చెబుతాను. విజయపురి సౌత్‌లో డ్యామ్ స్టాఫు గేట్లు సరిచూసుకున్నారు. ఎత్తిపోతల జలపాతం ఒక్క క్షణం ఆగి మళ్ళీ పడింది. రోడ్డు మీద పోతున్న మాచర్ల బస్సు ఆగి, డ్రైవరు దిగి టైర్లు తన్ని చూసుకోవడం మొదలెట్టాడు. సాయిబు కడ్డీకి అందకుండా మిగిలిన కుమ్మరి పురుగుల కాలనీ అంతా ఎర్రటి దుమ్మై లేచి, గాలివాటున పోయి నేరుగా ఇన్‌స్పెక్టరు గారి ఇస్త్రీ మీద వాలింది. పొగ విడిచేసరికి అక్కడ ఇన్‌స్పెక్టరు లేడు, ఆయన ఎత్తున ఒక కొత్త ఇటుక గోడ ఉంది. అందులోంచి రెండు కళ్ళు తెరుచుకున్నాయి.

మామ తుపాకి దించి, నెమ్మదిగా అన్నాడు: "నాదీ పేలలేదండీ. రాసుకోండి."

జనం ఏమన్నాడేమోనని ఒకరినొకరు అడుగుతున్నారు. (చెవులు దిబ్బళ్ళు పడినందువల్ల కూడా కావచ్చు.)

"ఏందీ?" అంది ఇటుక గోడ.

"పేలలేదండీ."

"మరి ఆ చప్పుడేందయ్యా?"

మామ రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. "అదుగోండి, బస్సు టైరు. డ్రైవరు కూడా దిగి చూసుకుంటన్నాడు."

"ఈ పొగ?"

"రెండూ ఉంచెయ్యండి అయ్యా" అన్నాడు మామ, గొంతు తగ్గించి. "ఒక్కణ్ణే వచ్చి ఎవుడికి చూపించుకోవాల?"

అప్పుడర్థమైంది నాకు, ఆయన అన్నం మధ్యలో ఎందుకు లేచాడో. పెదనాన్న మొహం పక్కకి తిప్పుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు, ఆకుపచ్చ గుడ్డ అవసరం నిజంగా పడినట్టు. ఇన్‌స్పెక్టరు కనుబొమల మీది దుమ్ము దులుపుకుని, మామనీ పెదనాన్ననీ మార్చి మార్చి చూసి, రైటరుతో అన్నాడు: "ఆయన తోటాలు పాతవి. కొత్తవి తెచ్చుకుని వచ్చే ఎన్నికలకి కాల్చమను. ఈయన్ని మాత్రం జన్మలో మళ్ళీ కాల్చొద్దను." వరండా ఎక్కాక పెదనాన్న మామ పక్కన కూర్చుని, "ఏం బావా, దీన్నింకా పాతినప సామానోడికి వెయ్యలా?" అన్నాడు. ఆ ఒక్కసారీ మామ మీసం తుడుచుకోలేదు, మరమరాల పొట్లం ఆయన ముందుకి జరిపాడు.

ఇప్పుడా తుపాకి నాది. మామ పోయాక లైసెన్సు నా పేరుకి మారేలోపు కృష్ణ మీద ఇంకో డ్యామ్ కట్టొచ్చు. మొన్నటి ఎన్నికలకి నేనూ గంజి పెట్టిన చొక్కా వేసుకుని, చిరుత గాట్లకి కొబ్బరినూనె పట్టించి బయల్దేరుతుంటే, మా ఆవిడ "ఏ సంబంధం చూడ్డానికండీ?" అంది, అచ్చం వాళ్ళమ్మ గొంతుతో. స్టేషనులో తిరునాళ్ళ లేదు. కార్లు దిగుతున్న కుర్రాళ్ళు గడ్డం సామాను పెట్టుకునే జిప్పు సంచీలాంటిది బల్ల మీద పెట్టి, సంతకం చేసి, ఫోను మాట్లాడుతూనే పోతున్నారు. లోపల ఏ పిస్తోలుందో ఎవడూ తెరవడు, ఎవడూ చూడడు. లతలు లేవు, నెమళ్ళు లేవు, దొరసాని ఎటుపోయిందో తెలీదు. నేను మాత్రం పట్టుచీర విప్పి, నా తుపాకిని గోడకి ఆనించి, బెంచీ మీద మీసం సవరించుకుంటూ కూర్చున్నాను. జనం నన్ను దాటి మంచినీళ్ళ ఫిల్టరు దగ్గరికి పోతున్నారు.

మధ్యాహ్నం దాటాక చేతికర్ర చప్పుడైంది. జంటగొట్టాల పెదనాన్న. మామ పోయిన వారానికే తన తుపాకి స్టేషనులో ఇచ్చేసి, "ఎవుడికి చూపించుకోవాల?" అన్నాడని విన్నాను. అప్పగించడానికి చేతిలో ఏమీ లేదు. అయినా గంజి పెట్టిన చొక్కా వేసుకుని వచ్చాడు. మెట్లు ఒక్కొక్కటే ఎక్కి, చేతులు వెనక్కి కట్టుకుని, నా తుపాకి ముందు ఆగి, గొట్టం పొడుగునా చూసి పెదవి విరిచాడు.

"ఏం రా అబ్బాయ్, దీన్నింకా పాతినప సామానోడికి వెయ్యలా?"

నేను మీసం తుడుచుకున్నాను. "నీది ముందు వేస్తావని ఆగినా పెదనాన్నా."

ఆయన పడీ పడీ నవ్వి, పక్కన బెంచీ మీద కూలబడి, మిర్చి ధర అడిగాడు. ఊళ్ళో ఇప్పటికీ మా పార్టీలు వేరే. సాయంత్రందాకా కూర్చున్నాం. ఎవరైనా దగ్గరికొస్తారేమో, చటుక్కున తుపాకి మీదికి మాట తిప్పుదామని నేను కాచుకునే ఉన్నాను గానీ, ఎవరూ రాలేదు.