కుర్చీ దిగిన వియ్యంకుడు

ముప్పై ఏళ్లకు పైగా జైల్లో ఉన్నాను. కంగారు పడకండి, జీతం తీసుకునే ఉన్నాను. వార్డరుగా చేరి, చీఫ్ వార్డరుగా దిగిపోయాను. దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయి ఇల్లు వెతుక్కుంటూ "జైల్లో పనిచేస్తా" అని చెబితే, ఓనర్లకు ‘జైల్లో’ వరకే వినిపించేది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ ఒకాయన మాత్రం "మీరుంటే దొంగల భయమే ఉండదండీ" అని మురిసిపోయి ఇల్లిచ్చాడు. ఆ ఇంట్లో రెండుసార్లు దొంగలు పడ్డారు. నా హోదా వాళ్లదాకా వెళ్లలేదు కాబోలు.

రిటైరయ్యాక కాలనీవాళ్లు నన్ను ఖాళీగా ఉండనిచ్చారా? డ్రైవర్ని పెట్టుకున్నా, పనిమనిషిని పెట్టుకున్నా "అన్నా, జర ఒచ్చి మొకం చూసి చెప్పరాదే" అని పిలుపు. మొహం చూసి మనిషిని చెప్పే విద్యే నాకుంటే, ఈ కాలనీలో ఇల్లు కొనేవాణ్నా?

అలాగే ఒకసారి పక్కింటాయన తన మేనల్లుడి నిశ్చితార్థానికి లాక్కుపోయాడు. ఎల్బీనగర్‌లో ఫంక్షన్ హాలు. ఈ పక్కింటాయన మహా పెద్దమనిషి. నాదర్‌గుల్‌లో ఒకే ప్లాటును ముగ్గురికి అమ్మి, ముగ్గురి చేతా భూమిపూజ చేయించాడు. అందుకే ఆయనకు పరువంటే ప్రాణం.

"పిల్ల మంచిదే అన్నా, దవాఖానల నర్సు. తండ్రే సమజైతలేడు. ఎక్కువ మాట్లాడడు. ఇన్నేండ్లు దుబాయిల ఉన్నడంట. నువ్వు ఊ అంటెనే తాంబూలాలు. లేకుంటే లేచి ఎల్లిపోతం" అన్నాడు దారిలో.

హాల్లో అడుగుపెట్టగానే పెళ్లికూతురు కనిపించింది. గుర్తుపట్టాను. చిన్నప్పుడు వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని మా జైలుకు ములాఖత్‌కు వచ్చేది. జాలీ అవతలున్న తండ్రికి వినపడాలని "నాయినా, అన్నం తిన్నవా?" అని గొంతు చించుకునేది. ఇప్పుడు నన్ను చూడగానే దాని మొహంలో నెత్తురు చుక్క లేదు.

మా వార్డర్లకు ఒక ఆచారం ఉంది. విడుదలైన మనిషి బయట ఎదురుపడితే, వాళ్లు పలకరిస్తేనే మేం పలకరిస్తాం. లేదంటే వాళ్లెవరో మేమెవరో. ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు కనుక దీన్ని అందరం తు.చ. తప్పకుండా పాటించాం. నేను చూపు తిప్పుకున్నాను. దుబాయి తండ్రి కూడా తిప్పుకుంటాడనుకున్నాను.

తిప్పుకోలేదు. మెడలో దండతో దర్జాగా కూర్చున్నవాడు నన్ను చూస్తూనే ఠక్కున కుర్చీ దిగాడు. నేలమీద గొంతుక్కూర్చుని, చేతులు మోకాళ్లమీద పెట్టుకుని, తల వంచాడు. జైల్లో పొద్దునా సాయంత్రం మేం తలల లెక్కకు వస్తే ఖైదీలు అలాగే కూర్చోవాలి. గట్టు తగాదాలో ఈయన పార దెబ్బకు ఒక మనిషి పోయాడు. అందుకు పడిన శిక్షంతా ఇలా కూర్చునే అనుభవించాడు. విడుదల ఆర్డరు మనిషికి అందింది గానీ, మోకాళ్లకు అందినట్టు లేదు.

హాలంతా ఇటే చూస్తోంది. "ఏందిది? నిన్ను చూసి గాయన కింద కూసున్నడేంది?" అన్నాడు పక్కింటాయన.

ఒళ్లు మండిపోయింది. ఆ మనిషి మీద కాదు, మనిషిని అలా తయారుచేసిన మా లెక్క మీద. ఇంకో క్షణం ఆగితే పిల్ల బతుకు బజారున పడుతుంది. వెళ్లి ఆయన పక్కనే చతికిలబడ్డాను.

"అబ్బబ్బ, గీ కుర్చీలు నడుం ఇరగ్గొడుతున్నయ్! ఈయనది గూడ నా బాధే. చిన్నప్పుడు లగ్గాలల్ల కిందనే కూసున్నం గదా, రాండ్రి, కూసోండ్రి!"

పక్కింటాయన వచ్చి కూర్చుని, నా చెవిలో "మనిషెట్లుంటడే?" అన్నాడు.

"నీకంటె వెయ్యి పాళ్లు నయం."

పరాచికమనుకుని పగలబడి నవ్వాడు. ఆయన్ను చూసి మగపెళ్లివారంతా తివాచీ మీదికి దిగారు. "గిదే మన పద్ధతి" అని తెగ మెచ్చుకున్నారు. తాంబూలాలు మార్చుకున్నారు. పిల్ల కొంగుతో కళ్లు ఒత్తుకుంటే పొగ పడిందన్నారు, పొగ ఎక్కడా లేదు.

అందరూ భోజనాలకు లేచారు. ఆయన లేవలేదు. "వియ్యంకుడా, నడువు" అని అవతలివాళ్లు పిలుస్తూనే ఉన్నారు. తల ఎత్తకుండా, నాకు మాత్రమే వినపడేలా అడిగాడు.

"లేవొచ్చునా సార్?"