తుప్పు పట్టవలసిన తీగ

ఆ ఆదివారం సాయంత్రాన్ని తలచుకుంటే ఇప్పటికీ గుండె తేలికపడుతుంది.

మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేను. సముద్రగర్భ భూకంపాలను నమోదు చేసే పరికరాలను సిద్ధపరచే ఒక చిన్న బృందంలో ఉద్యోగిని. మా నాన్న ఆటోనగర్‌లో ఒక వెల్డింగ్ షెడ్డులో పనిచేస్తారు. మా ఇద్దరి చేతులూ ఒకే వస్తువు మీద పడతాయని నేను ఎన్నడూ ఊహించలేదు.

అంటార్కిటికా చేరువలో సముద్రం అడుగున భూమి తరచూ కంపిస్తూ ఉంటుంది. ఆ చిన్న కంపనాలు దూరానికి తెలియవు కనుక పరికరాన్ని నేరుగా అడుక్కే దించుతాం. దాని కింద బరువుగా ఒక ఇనుప చట్రం ఉంటుంది. ఏడాది తర్వాత ఓడ మళ్లీ అక్కడికి వెళ్లి నీటిలోకి ధ్వని సంకేతం పంపుతుంది. అప్పుడు పరికరాన్ని చట్రానికి పట్టి ఉంచిన సన్నని ఉక్కు తీగలో విద్యుత్తు ప్రవహిస్తుంది. ఉప్పునీటిలో ఆ తీగ కాసేపట్లో తుప్పు పట్టి తెగిపోతుంది. చట్రం అడుగున ఉండిపోతుంది, పరికరం తేలి వస్తుంది. తేలకపోతే ఏడాది శ్రమ నీటిపాలే.

ఆ చట్రం నాన్న పనిచేసే షెడ్డులోనే తయారైంది. పరికరాన్ని దానికి బిగించి సరిచూసుకున్నది కూడా అక్కడే. అక్కడి నుంచే పోర్టుకు పంపాం.

దాన్ని పైకి తీయవలసిన ఆదివారం పొద్దున గాజువాకలోని మా ఇంట్లో ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఓడలోని మా సహోద్యోగి సందేశం పంపారు: "సంకేతానికి జవాబు వచ్చింది. పరికరం మాత్రం కదలడం లేదు. మంచు దగ్గరికి వస్తోంది. ఇక బయలుదేరదామని కెప్టెన్ అంటున్నారు."

నాన్న టీ గ్లాసుతో వచ్చి నా ముఖం చూశారు.

"ఏటమ్మా, అలగున్నావు?"

"పైకి రాట్లేదు నాన్నా."

"వత్తాది. నా సేతుల మీదెల్లిన సామానది. పరికరం బోల్టులకి, కొక్కేలకి, ఆ సన్న తీగకి కూడా గ్రీజు పట్టించీసినాను. మీ ఆఫీసోల్లు మర్సిపోనారేమోనని."

సముద్రపు గాలికి కిటికీ ఊచలే నిలవని ఊరు మాది. ఇనుముతో పనిచేసేవారెవరూ, నీటికి దగ్గరగా వెళ్లే వస్తువును గ్రీజు రాయకుండా ఇక్కడ గుమ్మం దాటనివ్వరు. ఆ తీగ పనే తుప్పు పట్టడమని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

నేను చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టేశారు.

"అయితే నానే సెడగొట్టీసినానేటి?"

"కాదు నాన్నా. ఇప్పుడు చెప్పావు, అదే మేలు."

అది ఓదార్పు కోసం అన్న మాట కాదు. కారణం తెలిసింది కనుక దారీ తెలిసింది. వెంటనే ఓడకు రాశాను: తీగకు గ్రీజు ఉంది, తెగడం ఆలస్యమవుతుంది. పరికరం చెడలేదు. సంకేతం ఆపకండి. సాయంత్రం దాకా ప్రయత్నిస్తామని జవాబు వచ్చింది.

నాన్న మధ్యాహ్నం భోజనానికి లేవలేదు.

"సవక రకం రాసుంటే ఈపాటికి వదిలీసును," అన్నారు. "మంచి కంపెనీ గ్రీజమ్మా అది. నానే ఏరి తెచ్చినాను. పైగా అక్కడ సలి."

"ఊరుకో నాన్నా, నువ్వింకా భయపెట్టకు."

ఎండ వాలుతుండగా ఫోను మోగింది. ఒక్కటే మాట: "తేలింది."

నేను అరిచిన అరుపుకు పక్కింటివారు గోడ మీదుగా తొంగిచూశారు. నాన్న గోడకు జారబడి కూర్చుని, కండువాతో ముఖం తుడుచుకుంటూ నవ్వడం మొదలుపెట్టారు. రికార్డు భద్రంగా ఉందని మరో సందేశం వచ్చింది. దాని వెనకే, ఓడ మీదకు చేర్చిన పరికరం ఫోటో.

నాన్న ఆ ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశారు.

"సూడు, బోల్టు మీద మచ్చన్నది నేదు," అన్నారు చివరికి. "వచ్చేసారి తీగ జోలికి రానులే. బోల్టులు మాత్రం నాకొదిలీ."