ఖాళీ దొరికితే కొండెక్కడం

పుట్టపర్తి ఆసుపత్రిలో నర్సు డ్యూటీ దిగి, బస్సులో నిలబడి పెనుకొండ చేరేసరికి నాకు కాళ్లు పీకేవి. ఇంట్లో అలా కూలబడగానే ఫోన్‌లో జర్మన్ క్లాసు. జర్మనీలో నర్సు ఉద్యోగం కావాలంటే ఆ భాష రావాలి మరి.

ఆ రోజు పాఠం, ఖాళీ సమయంలో మీరేం చేస్తారని. పుస్తకంలో వాళ్లు ఈత కొడతారు, పియానో వాయిస్తారు, కొండలెక్కుతారు. నేను నిద్రపోతానని చెప్పాను.

"నిద్ర హాబీ కాదండీ, ఇంకోటి చెప్పండి" అంది టీచరు.

ఒళ్లు మండింది. కిటికీలోంచి మా ఊరి కొండ కనిపిస్తే, ఆదివారాలు కొండెక్కుతానని చెప్పేశాను. సగం దాకా కూడా ఎప్పుడూ ఎక్కలేదు. టీచరు తెగ మెచ్చుకుంది.

పక్కన విత్తనానికి వేరుశనక్కాయలు ఒలుస్తున్న అవ్వ, "ఏం చెప్తివే, ఆయమ్మ అంత సంబరపడతాండాది?" అంది. చెప్పాను.

"పనేం లేకుండా ఊరికే ఎక్కేదా?" అవ్వ నమ్మలేదు. "కట్టెల కోసరం నేను ఎక్కింది చాల్లేదా? నా మోకాళ్లు ఆడనే పోయినాయి."

ఇంతలో టీచరు మళ్లీ నన్నే అడిగింది, మీ ఇంట్లోవాళ్ల హాబీలేమిటని.

"మా అవ్వ కొండలెక్కేది" అన్నాను.

"ఎంత ఆరోగ్యమైన కుటుంబం!" అంటూ ఆమె చప్పట్లు కొట్టింది.

ఆ క్లాసులో నేను చెప్పిన నిజాలు రెండే. ఒకటి పనికిరాదన్నారు. రెండోదానికి చప్పట్లు మోగుతుండగా అవ్వ గోడ పట్టుకుని లేచింది.