మూడో ఒర మునిగేదాకా

2022. నౌపడ ఉప్పుమళ్లు దాటి సముద్రం వైపు వెళ్తే ఒక చిత్తడినేల, దాని గట్టున చేపల వేటకు పోయి బతికేవాళ్ల పేట. పేట మొత్తానికి తాగునీరు ఒకే ఒక నేలనుయ్యి. అవతలి వైపు వరి పొలాలు. చిత్తడినేల నీరు సముద్రంలో కలిసే చోటును అక్కడ మొగ అంటారు. వానల్లో నారుమళ్లు మునిగిపోతున్నాయి, మొగను శాశ్వతంగా తెరిచి ఉంచండని రైతులు అర్జీ పెట్టారు. అలా తెరిస్తే నుయ్యి ఉప్పెక్కుతుందా? అది తేల్చడం భూగర్భజలాల ఇంజనీరుగా నా పని.

దీనికి మేం మోడల్ కడతాం. అంటే నేలను కంప్యూటర్లో గళ్లుగా కోసి, ఏ గడిలోంచి ఏ గడికి నీరు పోతుందో లెక్కగట్టడం. అంచుల్లో నీరు ఎలా ఉందో మనమే చెప్పాలి. అది బౌండరీ కండిషన్. నేను డిసెంబరులో వెళ్లాను. మొగ తెరిచే ఉంది, పోటునీరు లోపలికి వస్తోంది. అదే ఏడాది పొడవునా పెట్టేశాను. మొగను శాశ్వతంగా తెరిచినా నూతికి తేడా ఉండదని మోడల్ చెప్పింది. నేను అదే రాసి ముసాయిదా నివేదిక పంపేశాను.

లెక్కను అసలు కొలతతో పోల్చి సరిచేయడాన్ని కాలిబ్రేషన్ అంటారు. నివేదికకు ముందే చేయాల్సిన పని. తొందరలో మే నెలకు నెట్టాను. మోడల్ ప్రకారం అప్పటికి నూతినీరు నోట పెట్టలేనంత ఉప్పగా ఉండాలి. మేలో నూతిలో ముంచిన ఉప్పు మీటరు మాత్రం మంచినీరంటోంది. కడిగి మళ్లీ ముంచాను. అదే అంకె. చిరాకేసింది.

బిందె నింపుకుంటున్న నూకాలమ్మ, చేపల గంప మోసే పెద్దావిడ, నన్ను చూసి నవ్వింది.

"ఏటి పాపా, నుయ్యేటంతన్నాది?"

"మొగలోంచి పోటు వస్తుంది కదా, ఈ నీరు ఉప్పగా ఉండాలి."

"మొగెక్కడున్నాది? మాగమాసంలోనే ఇసక మూసీసింది. ఎల్లి సూడు."

వెళ్లి చూశాను. మొగ ఉండాల్సిన చోట ఇసక మీద వలలు ఆరేసి ఉన్నాయి.

పప్పులో కాలేశాను. మొగ మూసుకున్న నెలల్లో పోటు రాదు. నిలిచిన వాననీరు నేలలోకి దిగి ఉప్పునీటిని నూతికి దూరంగా నెడుతుంది. లెక్కలో నేను ముందే తెరిచిపెట్టిన మొగను మళ్లీ తెరిస్తే తేడా ఎక్కడినుంచి వస్తుంది?

"మరి వానల్లో ఎప్పుడు తెరుస్తారు?" అని అడిగాను.

"పైనుంచి మూడో ఒర ములగాల," అంటూ నూతిలో దించిన సిమెంటు వలయాలను చూపించింది. "అంతదాకా మా మగోలకి పార ముట్టనియ్యం. ఓ ఏడు ఒర ములగకముందే మొగ కొట్టీసినారు. నీలు ఉప్పైపోయి, పక్కూరినుంచి మోసుకొచ్చినాం."

మోడల్లో మొగను మాఘంలో మూసి, మూడో ఒర మునిగాక తెరిచాను. లెక్క నూతితో కలిసింది. అప్పుడు శాశ్వతంగా తెరిచి చూస్తే, రెండో వేసవికే నుయ్యి ఉప్పైపోయింది.

రైతులూ పేటవాళ్లూ వచ్చిన సమావేశంలో నా ముసాయిదా తప్పని చెప్పాను. తల కొట్టేసినట్టయింది. అర్జీ పెట్టిన రైతు అప్పలనాయుడు గారు లేచారు.

"అయితే మా నారు ములిగిపోవాలేటమ్మా?"

నా దగ్గర సగం జవాబే ఉంది: ఒర మునిగిన రోజే మొగ కొడితే కొంత నారు దక్కుతుంది.

"ములిగిన గంటలో కబురెడతాం. మీరూ పారలట్టుకు రండి," అంది నూకాలమ్మ.

ఆయన సరేననలేదు, కాదనీ అనలేదు. శాశ్వతంగా తెరిచే ప్రతిపాదన మాత్రం ఆగింది.

ఇప్పుడు ఏ ఊరెళ్లినా, ఆ నీరు తాగేవాళ్లతో మాట్లాడాకే మోడల్ మొదలుపెడతాను. "తేడా ఉండదు" అని నేను రాసినప్పుడు పై అధికారులెవరూ ఎందుకని అడగలేదు, కంప్యూటర్ చెప్పింది కదా అని. ఆ పూట నూకాలమ్మ బిందెతో రాకపోయుంటే నేను మీటరునే తప్పుపట్టి వెళ్లిపోయేదాన్ని. పేట తాగునీరు నా సంతకంతో పోయేది.